పసుపు వైరు పెరికిన ఘట్టము

అఖండ విద్యుద్దీప కాంతి విరాజితమై, శీతలయంత్ర ఝంకార ముఖరితమై, అరిగిన కుర్చీల కిరకిరలే మంగళవాద్యాలుగా వర్ధిల్లే ఆ మూడంతస్తుల కార్యాలయ సౌధమందు, రెండవ అంతస్తున, భోజనానంతర నిద్రావేశం సకలోద్యోగుల కనురెప్పల మీదికి దండెత్తి సగానికి సగం జయించిన ఆ మధ్యాహ్న వేళ, రికార్డు సెక్షను వీరనారి కంప్యూటరు తెరపై ఒక దారుణ వాక్యం ఆవిర్భవించింది: “ఈ పేరు గల సర్వరు కనబడలేదు.”

అయ్యా శ్రోతలారా, ఇంతేనా అని పెదవి విరవకండి. కనబడకపోయిన ఆ పేరు సాక్షాత్తు ఆ ఆఫీసు సొంత వెబ్‌సైటుది. బదిలీ కావలసినవారు అందులోకి వెళ్ళి, కోరుకున్న ఊరిని ఎంచుకొని, ఒక్క మీట నొక్కాలి. గడువు ఆ సాయంత్రం ఐదింటితో సరి. మళ్ళీ వచ్చే ఏడే. రెండేళ్ళుగా భర్తా కూతురూ ఒక ఊళ్ళో, తానొక్కతే ఇంకో ఊళ్ళో కాపురముంటున్న ఆ ఇల్లాలికి, వాళ్ళ ఊళ్ళో ఒక సీటు ఖాళీ అయిందని భర్త అప్పుడే ఫోను చేసి చెప్పాడు. పోనీ పక్క కంప్యూటరులో నొక్కుదామా అంటే, ఎవరి లాగిన్ వారి సీటులోనే తెరుచుకోవాలన్నది మేనేజరుగారి శాసనం.

వింతలలో వింత ఏమంటే, ఆ కంప్యూటరులో దేశదేశాల వార్తలు తెరుచుకున్నాయి. రేపటి వాతావరణం తెరుచుకుంది. ఎవరో పిల్లికి స్నానం చేయిస్తున్న వీడియో కూడా నదురూ బెదురూ లేకుండా తెరుచుకుంది. సొంత ఆఫీసు పేరు చెబితే మాత్రం, ఎవరండీ వారు అని మొహం తిప్పుకుంది.

అంతట ప్రవేశించాడు మహావీరుడు! మృతయంత్ర పునరుజ్జీవన ధురంధరుడు, చిక్కుపడిన కేబుల్ మహారణ్య సంచారి, సర్వరోగాలకూ ఒకే మందిచ్చే వైద్యశిఖామణి, కంప్యూటర్లు చూసే పెద్దాయన. ఆఫీసంతా ఆయనను రీస్టార్టు బాబాయి అంటారు. ఎందుకో ఆయన నోరు విప్పగానే తెలుస్తుంది.

“ఏమ్మా, ఓసారి రీస్టార్ట్ చేశావా?”

“మూడుసార్లు చేశాను బాబాయ్.”

“నేను చేస్తే వేరేగా ఉంటుందిలే.”

చేశాడు. వేరేగా ఏమీ లేదు.

అప్పుడాయన చొక్కా చేతులు పైకి మడిచి, కేబులు ఊడదీసి, దాని కొనను ఉఫ్‌మని ఊది, మళ్ళీ గుచ్చి, నల్లని తెర ఒకటి తెరిచి, సర్వరు నంబరు పెట్టి పిలిచాడు. టకటకా జవాబులొచ్చాయి. పేరు పెట్టి పిలిచాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“సర్వరు నిక్షేపంగా ఉందమ్మా. కేబులూ బానే ఉంది. పేరు చెబితే నంబరు చెప్పే దిక్కు ఒకటుంటుంది చూడు, మన ఆఫీసుకి మనదే ఉంది. నీ కంప్యూటరు దాన్ని వదిలేసి బయటెవర్నో అడుగుతోంది. మనమెవరో వాళ్ళకేం తెలుసు?”

“మరి నంబరుతోనే తెరిచెయ్యి బాబాయ్!”

“ఆ సైటు పేరుతో వస్తేనే తలుపు తీస్తుంది.”

“పోనీ ఆ అడిగే దిక్కే మార్చెయ్యరాదూ?”

“ఆ సెట్టింగు హెడ్డాఫీసు వాళ్ళ చేతుల్లో ఉంది తల్లీ. వాళ్ళా, ఫోనెత్తరు.”

ఈ కోలాహలం విని గదిలోంచి వెలువడ్డాడు మేనేజరు, ఇస్త్రీ మడత నలగని మహాప్రభువు. వచ్చీ రాగానే గర్జించాడు. “నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నాను! క్రమశిక్షణ లేదు, బాధ్యత లేదు! కంప్యూటర్ని సరిగ్గా వాడుకోవడం చేతకానివాళ్ళకి బదిలీలు కూడానా!” ఇలా లోకోపకారం చేసి, గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఆ తలుపు వెనక ఏముందో మనకింకా తెలియదు, ఓపిక పట్టండి.

బాబాయి పక్క సీట్ల మీద పడ్డాడు. ఒక్కొక్కటీ చూసేసరికి నాలుగున్నర దాటింది. అందరి కంప్యూటర్లూ ఆఫీసు దిక్కునే అడుగుతున్నాయి.

“ఏమయ్యా, నీది ఆఖరిసారి ఎప్పుడు ఆపావు?”

“ఆపడమా? కొన్నాక ఎప్పుడైనా ఆపామా?” అన్నాడు పక్క సీటాయన ఆవులిస్తూ.

“నువ్వమ్మా?” అని వీరనారి వైపు తిరిగాడు బాబాయి.

“రోజూ ఆపేసే వెళ్తాను బాబాయ్. గోడమీద నోటీసుందిగా.”

ఉంది! సాయంత్రం విధిగా కంప్యూటర్లు ఆపవలెనని మేనేజరుగారు సంతకం చేసి అంటించిన నోటీసు. ఆ ఆఫీసు మొత్తానికి దాన్ని పాటించిన ఏకైక మహాపతివ్రత ఈమె. తక్కినవారివి నిద్రే ఎరుగవు గనుక పాత దిక్కునే నమ్ముకొని ఉన్నాయి. ఈమెది పొద్దున్నే లేచి, నేనెవరిని అడగాలి అంటే, ఎవరో కొత్తవాడు మధ్యలో దూరి ముందుగా జవాబిచ్చాడు. మాట విన్నందుకు ఆ ఇల్లాలికి దక్కిన ఫలం అది.

“నిన్న సాయంత్రం నించీ ఇవాళ పొద్దుటి లోపల ఏదో కొత్త డబ్బా వచ్చి మన లైన్లో దూరిందమ్మా,” అంటూ బాబాయి వరండాలో ఆఫీసు వైర్లన్నీ కలిసే గోడపెట్టె తెరిచాడు. అందులో నిన్నటిదాకా లేని పసుపు వైరు! మోకాళ్ళ మీద వంగి, దాని వెంబడే పూలకుండీ వెనకగా, గోడవారగా పాకుతూ వెళ్ళి, ఒక తలుపు దగ్గర ఆగిపోయాడు. వైరు ఆ తలుపు కింద నుంచి లోపలికి పోయింది. తలుపు మేనేజరుగారిది.

మహావీరుడు మెల్లగా లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు.

“రేపు చూద్దాం తల్లీ.”

“రేపా! రేపైతే నేనింకో ఏడాది ఇక్కడే ఏడవాలి బాబాయ్.”

“నేనూ పిల్లలుగలవాణ్ణే. పైవాడితో పెట్టుకుని బతకగలనా, చెప్పు!”

అంతలో ఆమె ఫోను మోగింది. “అమ్మా, నొక్కేశావా?” అంది కూతురు.

“ఇదిగో, నొక్కేస్తున్నా బంగారం,” అని ఫోను పెట్టేసి, తలుపైనా తట్టకుండా లోపలికి వెళ్ళిపోయింది.

బల్ల మీద కాళ్ళు బారజాపి, చేత ఫోను ధరించి, క్రికెట్ సమరంలో తాదాత్మ్యం చెంది ఉన్నాడు మహాప్రభువు. బీరువా మీద తెల్లటి డబ్బా ఒకటి కళ్ళు మిటకరిస్తోంది.

“తలుపు కొట్టి రావాలని తెలీదా?”

“ఆ డబ్బా ఎవరిదండీ?”

“నాదే. ఇక్కడ ఫోనుకి సిగ్నలు అందట్లేదని నిన్న సాయంత్రం మా బావమరిది ఈ వైఫై డబ్బా పెట్టి వెళ్ళాడు. ఏం?”

“అది నా కంప్యూటరుకి తప్పుడు దారి చెబుతోందండీ.”

“చూడమ్మా, మా బావమరిది ఇంజనీరు.”

రెండేళ్ళ ఒంటరి భోజనాలూ, ఫోనులో చెప్పిన కథలూ, బస్సు కదిలేవేళ కిటికీ వదలని చిట్టి వేళ్ళూ ఒక్కసారిగా కుడిచేతిలోకి ప్రవహించగా, ఆ వీరనారి బీరువాను సమీపించి, పసుపు వైరును పిడికిట బిగించి, ఉత్పాటించెను! పెళుక్కుమంది. ఫోనులో బంతి గాలిలోనే నిలిచిపోయింది.

“ఏయ్! ఆఖరి ఓవరు!” అని మేనేజరు ఆక్రోశించాడు.

“రీస్టార్ట్!” అని వరండాలోంచి బాబాయి సింహనాదం చేశాడు. ఆయన జీవితంలో ఆ మంత్రం సరైన వేళకు పడడం అదే మొదలు.

తెర నల్లబడింది. చక్రం తిరిగింది, తిరిగింది, చూసేవాళ్ళ ప్రాణాలు తోడేసేలా తిరిగింది. నిద్రపోతున్న సెక్షన్లన్నీ లేచివచ్చి ఆమె కుర్చీ చుట్టూ మూగాయి. పేరు కొట్టింది. పేజీ తెరుచుకుంది. ఊరు ఎంచుకొని, మీట నొక్కింది. “మీ ఎంపిక నమోదైంది.” గోడ గడియారం ఐదు కొట్టబోతూ ఉంది. ఆమె బల్ల మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

“చూశారా, నేను గట్టిగా చెబితేగానీ పని జరగదు!” అన్నాడు మేనేజరు, గుమ్మంలో నిలబడి.

జయము! జయము! జానెడు వైరు పరాజితమయ్యెను, ఒక పేజీ తెరుచుకొనెను! దిక్కులు పిక్కటిల్లేలా ఈ విజయాన్ని చాటుతుండగా, వీరనారి సంచి భుజాన వేసుకొని లేచింది. అలవాటుగా చెయ్యి కంప్యూటరు ఆపబోయి, మధ్యలో ఆగింది.

“ఆపవామ్మా?” అన్నాడు బాబాయి.

“వద్దు బాబాయ్. రేపు పొద్దున్నకి ఆ వైరు మళ్ళీ అక్కడే ఉంటుంది.”

నోటీసు ముందు నుంచే నడిచి ఇంటికి వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి ఆ అంతస్తులో ఆరిన కంప్యూటరు లేదు.