లింకుకు కాపలా

ఆ ఉదయం ఆ ఇంట్లో పెద్ద పనులేమీ లేవు. తల్లి కర్టెన్లు ఉతకాలనుకుంది. తండ్రి తను ఉద్యోగం చేసే గ్రంథాలయానికి వెళ్ళాలి. కూతురు ఒక ఫైలు పంపేసి పడుకోవాలి. ముగ్గురిలో అనుకున్నది అనుకున్నట్టు చేయగలిగింది తండ్రి ఒక్కడే, అదీ సగం.

కూతుర్ని ఇంట్లో పిచ్చుక అంటారు. చిన్నప్పుడు సరిగ్గా తినేది కాదు. ఇప్పుడు వీడియో ఎడిటింగ్ చేస్తుంది. మొన్నమొన్నటిదాకా ఒక స్టూడియోలో చేసేది. యజమానితో మాటా మాటా పెరిగి బయటికి వచ్చేసింది. "నెల తిరక్కుండా నువ్వే వెనక్కొస్తావు, చూడు," అన్నాడాయన. సొంతంగా దొరికిన మొదటి పని, పిల్లల ఆటబొమ్మలు చేసే ఒక కంపెనీకి ప్రచార సినిమా. పదకొండింటికి వాళ్ళ ఆఫీసులో, సరుకు కొనడానికి వచ్చిన వ్యాపారుల ముందు దాన్ని వేసి చూపించాలి. అంతా సవ్యంగా జరిగితే ఏడాది పొడుగునా పని ఇస్తామన్నారు. జరక్కపోతే పాత యజమాని గుమ్మం ఉండనే ఉంది.

"మెయిల్లో పోదమ్మా, మరీ పెద్దది," అంది పిచ్చుక ఆవలిస్తూ. "అందుకే ఈ సైట్లో పెట్టా. రాత్రంతా ఎక్కింది. వాళ్ళకి లింకు పంపేశా. నొక్కితే దిగుతుంది."

"ఎంత తీసుకున్నారు?"

"ఏమీ తీసుకోరు. ఉచితం."

తల్లి చేతిలో బకెట్ కింద పెట్టేసింది. ఊరికే ఇచ్చేవాళ్ళంటే ఆవిడకి మొదటినుంచీ హడల్.

"ఊరికే ఎందుకు మోస్తారే ఎవరైనా? వాళ్ళకేంటట లాభం?"

"ప్రకటనలేసుకుంటారమ్మా."

"మరి కంపెనీ వాళ్ళు నొక్కేదాకా అది ఎక్కడుంటుంది?"

"ఎక్కడో ఉంటుంది."

పిచ్చుక ఆ మాట అనకుండా ఉండాల్సింది. కన్నతల్లికి 'ఎక్కడో' అన్నంత భయంకరమైన చోటు ఈ లోకంలో ఇంకోటి లేదు. బడి నుంచి ఇంకా రాని పిల్ల ఎక్కడో ఉంటుంది. ఫోన్ ఎత్తని మొగుడు ఎక్కడో ఉంటాడు. ఇప్పుడు కూతురి బతుకుదెరువు కూడా పోయి అక్కడే కూర్చుంది.

"ఆ లింకేదో నాకూ పంపు. ఊరికే చూస్తూ ఉంటా."

వాదించే ఓపిక లేక పిచ్చుక పంపేసి, ముసుగు తన్ని పడుకుంది.

తల్లి లింకు నొక్కింది. ఫోన్ చాలాసేపు ఆలోచించి సినిమా దించింది. కోతిబొమ్మ డోలు వాయించింది, చెక్క లారీ బల్ల మీద దొర్లింది. ఉంది! ఆవిడ మనసు కుదుటపడి కర్టెన్లు నానబెట్టింది. సబ్బునీళ్ళలో చెయ్యి పెట్టగానే ఇంకో అనుమానం వచ్చింది. ఇందాక ఉంది సరే, ఇప్పుడో? చెయ్యి తుడుచుకుని మళ్ళీ నొక్కింది. మళ్ళీ దిగింది. కర్టెన్లు తిప్పి వేసి వచ్చి మళ్ళీ నొక్కింది. అయినా ఒక్క ఫోన్ మాట నమ్మడం ఎలా? భర్తకి ఫోన్ చేసింది.

"ఏమండీ, మీకో లింకు పంపా. నొక్కి చూడండి, పిల్ల సినిమా ఉందో లేదో."

కాసేపటికి ఆయన గుసగుసగా పలికాడు. "ఉందే తల్లీ, ఉంది. చదువుకునేవాళ్ళందరికీ వినపడింది కూడా. డోలు మోతకి ఒక పెద్దాయన పేపరు కింద పడేశాడు."

"బొమ్మలన్నీ ఉన్నాయా?"

"లెక్కపెట్టేలోగా నన్ను బయటికి పంపించేశారు. మెట్ల మీద కూర్చున్నా."

"ఖాళీయే కదా మరి, ఇంకోసారి నొక్కండి."

ఆయన పెళ్ళయిన మొదట్లోనే ఎదురు చెప్పడం మానేశాడు. నొక్కాడు.

తరవాత వంతు పిచ్చుక పిన్నిది. ఆవిడ ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది.

"అక్కా, నా ఫోన్లో చోటు లేదంటోందే."

"చోటు చేసుకోవే! పిల్ల బతుకు వ్యవహారం."

"సరే, ఉండు... ఆఁ, మీ మరిది ఫోటోలన్నీ తీసేశా. ఇప్పుడు హాయిగా పట్టింది."

"ఉందా?"

"నిక్షేపంలా ఉంది. బొమ్మలు భలే ఉన్నాయి. మా కొట్లో వాళ్ళకి కూడా పంపనా?"

"పంపు, పంపు. వాళ్ళకి కూడా వస్తోందేమో చూసి చెప్పు."

ఇలా ఊరు సగం కాపలా కాస్తుండగా పిచ్చుక ఫోన్ మోగింది. పిల్ల నిద్ర చెడగొట్టడం ఇష్టం లేక తల్లే ఎత్తింది.

"బొమ్మల కంపెనీ మేనేజర్నండీ. ఇప్పుడే ఆఫీసుకొచ్చి లింకు నొక్కాను. పరిమితి అయిపోయింది, ఇక దిగదు అని వస్తోంది."

"అబ్బే, ఉందండీ! ఇందాకే చూశా."

"మీరెవరండీ?"

"పిచ్చుక వాళ్ళమ్మని."

"అంతకుముందు కూడా చూశారా అమ్మా?"

"చూడకుండా ఎలాగండీ!"

పిచ్చుక మంచం మీంచి ఒక్క దూకు దూకింది. "అమ్మా! ఉచితంగా పెడితే పదిసార్లే దిగుతుంది! ఎన్నిసార్లు నొక్కావు?"

"నేనొక్కదాన్నే కాదులే," అంది తల్లి, అదేదో ఊరటగా ఉంటుందని.

ఫైలు మళ్ళీ ఎక్కించబోతే సాయంత్రానికి గానీ పూర్తవదని చూపించింది. స్వయంగా పట్టుకెళ్దామంటే కంపెనీ ఊరికి ఆ చివర. పిచ్చుక నేల మీద కూలబడింది. తల్లి ముఖం వెలవెలబోయింది.

"నేనెళ్ళి ఆ మేనేజరు కాళ్ళావేళ్ళా పడతానే. తప్పు నాదేనని చెప్తా."

"నువ్వెళ్ళేసరికి ఆయన లైట్లార్పుకుని ఇంటికెళ్ళిపోతాడు. అసలు ఎవరెవరికి పంపావు?"

"ఇంకెవరికే? మీ నాన్నకి, పిన్నికి..."

పిచ్చుక తలెత్తింది. "పిన్ని ఫోన్లో ఉందా? పిన్ని కొట్టు ఆ బొమ్మల కంపెనీకి వెనక వీధే!"

ఫోన్ వెళ్ళిందో లేదో పిన్ని, కొత్త కళ్ళజోడు ముక్కు మీద పెట్టుకున్న ఆసామిని అద్దం ముందు అలాగే వదిలేసి పరిగెత్తింది. వ్యాపారులు కుర్చీల్లో సర్దుకునేసరికి చేరింది. మేనేజరు ఆవిడ ఫోన్‌కి వైరు తగిలించి పెద్ద తెర మీద సినిమా వేశాడు. "మొదలైంది" అని పిన్ని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చాక గానీ పిచ్చుక గుక్క తిప్పుకోలేదు.

తల్లి వంటింట్లోకి వెళ్ళి ఓర్చుకుని నిలబడింది. ఎంతసేపని ఓర్చుకుంటుంది? మధ్యలో ఛార్జింగ్ అయిపోతే? ఎవరి కాలో తగిలి వైరు ఊడిపోతే? కూతురు చూడకుండా చెల్లెలికి ఫోన్ కొట్టింది.

అక్కడ తెర మీద కోతిబొమ్మ మాయమై, 'అక్క' అని బారెడు అక్షరాలు వెలిగాయి. పిన్ని కంగారులో కట్ చేయబోయి ఎత్తింది.

"ఏమే, ఇంకా ఉందా?" గదంతా మోగింది. "ఛార్జింగ్ సరిపోతుందా? పొద్దుట్నుంచీ నాకు ఒకటే దిగులు. ఆ చెక్క లారీ చక్రాలు చూశావా? ఎన్నిసార్లు చూసినా అదే భయం. ఊడొచ్చి ఏ పసివాడి గొంతులోనో పడితే? వాళ్ళనడగవే!"

ముందు వరసలో ఒక వ్యాపారి గొంతు సవరించుకున్నాడు. "అవును, ఊడతాయా?"

మేనేజరు అలమార దగ్గరికి ఉరికాడు. అందులో నమూనాకి పెట్టిన లారీ తీసి చక్రం లాగాడు. రాలేదు. ఆయన చేతిలోంచి తీసుకుని ముందు వరసాయన లాగాడు. రాలేదు. ఒకరి తరవాత ఒకరు లాగారు. అందరికంటే భారీ మనిషి మోకాలు ఆనించి, పళ్ళు బిగించి లాగితే ఆయన చొక్కా గుండీ ఊడింది, చక్రం ఊడలేదు.

కొంతసేపటికి పిచ్చుక ఫోన్ మళ్ళీ మోగింది.

"మేడమ్, సినిమా సగంలో ఆగిపోయింది," అన్నాడు మేనేజరు.

పిచ్చుక కళ్ళు మూసుకుంది. "క్షమించండి సార్."

"మిగతా సగం ఎవరూ అడగలేదండీ. లారీలు కావాలన్నారు. ఏడాది పని మీదే. వచ్చే సినిమా చేసేముందు మాత్రం, మీ అమ్మగారికి ఏమేం భయాలున్నాయో అన్నీ కనుక్కోండి. ఇంకో సంగతి. ఇక లింకులొద్దు, దండం పెడతా. మా మనిషినే పంపిస్తాం, మీ ఇంటికొచ్చి ఫైలు పట్టుకెళ్తాడు."

పిచ్చుక నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి తల్లిని వాటేసుకుని సంగతంతా చెప్పింది. తల్లి మొదట మురిసిపోయింది. తరవాత కళ్ళు చిన్నవి చేసింది.

"అంత దూరం నుంచి ఒక్కడే వస్తాడా?"

ఆ వచ్చే మనిషెవరో కంపెనీ ఇంకా తేల్చుకోనేలేదు. ఆవిడ మాత్రం అతని నంబరు కోసం అప్పుడే మేనేజరుకి ఫోన్ కలిపింది.