తావుర్యా చెయ్యి, రాజలింగు తల

జనగామ బస్టాండు ఎదుట స్టూడియో నడిపే ఓదెలు తీసిన ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ ఛాయాచిత్రాలను జాతి సంపదగా భద్రపరచాలని ఉద్యమకారుల గుర్తింపు ఉపసంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. పార్లమెంటులో బిల్లు పాసైన నెలకే ఈ తీర్మానం జరిగింది. అంతకుముందు నాలుగేళ్లూ ఆ సంపద ఓదెలు మంచం కింద, ఎలుకల సంరక్షణలో ఉండేది.

ఓదెలు పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు. ఉద్యమాన్ని కూడా పెళ్లి తీసినట్టే తీశాడు. రైలు పట్టాల మీద కూర్చున్నవాళ్లను "జర దగ్గరికి జరుగుండ్రి" అన్నాడు. భూపాలపల్లిలో లాఠీ దెబ్బ తిన్న మనిషిని "ఇటు సూడన్నా" అని పిలిచాడు. ఆయన మర్యాదగా ఇటు చూడబట్టి రెండో దెబ్బ తప్పించుకోలేకపోయాడు. అలా పన్నెండు వేల ఫోటోలు పోగయ్యాయి. అందులో ఓదెలుకు ప్రాణమైనది మానుకోట వంటావార్పు ఫోటో. నడిరోడ్డు మీద నిరసనగా పెట్టిన మూడు రాళ్ల పొయ్యి, దాని మీద పెద్ద బగోనె, పక్కన వంగి గరిట తిప్పుతున్న తావుర్యా. గంగారం దగ్గరి తండా మనిషి. మొక్కజొన్న ఒలిచే మక్కల మిషన్‌లో కుడి చూపుడువేలు సగం పోయినా, ఆ రోజు మూడు వందల మందికి వండి పెట్టిన చెయ్యి అదే.

ఉపసంఘం మొదటి తీర్మానం చాలా స్పష్టంగా ఉంది. ఫోటోలో ఉన్నవారే ఉద్యమంలో ఉన్నవారు. కన్వీనరు లక్ష్మీకాంత్ దీన్ని ఇలా వివరించారు: "మనుషులు మాట మారుస్తారు, కళ్లు మోసం చేస్తాయి. ఫోటో మాత్రం అబద్ధం చెప్పదు. కనుక ఇకపై సాక్షులను అడిగే పని లేదు!" సభ చప్పట్లు కొట్టింది.

మర్నాడు స్టూడియో ముందు ఉద్యమం మళ్లీ మొదలైంది. గతంలో తీరిక లేక ఉద్యమానికి రాలేకపోయినవాళ్లంతా ఇప్పుడు తీరిక చేసుకుని వచ్చారు. ముందు వరుసలో మొగుళ్లపల్లి రాజలింగు. వంటావార్పు రోజున ఆయన తన ఇంటికి స్లాబు పోయిస్తూ ఉన్నాడు. ఆ ఫోటోలో తనను చేర్చమంటే ఓదెలు కుదరదన్నాడు. రాజలింగుకు కోపం రాలేదు, ఆశ్చర్యమేసింది.

"సచ్చిపోయిన తండ్రిని బిడ్డ పెండ్లి ఆల్బంల నిలవెడ్తవు. దుబాయిల ఉన్న మేనమామను పెండ్లిపిల్ల పక్కన కూసోవెడ్తవు. బతికున్నోన్ని, మొగుళ్లపల్లిల ఉన్నోన్ని, మానుకోట దాంక తేలేవా ఓదెలన్నా?"

ఓదెలు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ మిక్సింగు పనికే అతడికి జిల్లా అంతా పేరు. ఇక తల ఎవరిది తియ్యాలన్నదే ప్రశ్న. ఉపసంఘంలో ఎవరికీ తెలియని ముఖం తావుర్యాదే. తండా దూరం, ఎవరొచ్చి అడుగుతారులే అనుకున్నాడు. రాజలింగు ఇచ్చింది పాస్‌పోర్టు ఫోటో కాబట్టి, వంగి గరిట తిప్పుతున్న ఒంటి మీద తల మాత్రం ఆఫీసులో కూర్చున్నట్టు నిటారుగా కుదిరింది. ఉపసంఘం దాన్ని నాయకత్వ లక్షణంగా గుర్తించింది. ఓదెలు పాత ఫోటో మీదనే కొత్తది సేవ్ చేశాడు. కెమెరా కార్డును ఎప్పుడో ఒక పెళ్లి కోసం తుడిచేశాడు.

ఉపసంఘం స్టూడియోలో పెట్టించిన ఫోటోల ప్రదర్శన రోజు పొద్దున, అతిథులింకా రాకముందే, తావుర్యా భార్య భద్రమ్మ వచ్చింది. చేతిసంచిలో బంతిపూల దండ ఉంది.

"తమ్మీ, మా ఆయిన పోయి రేపటికి ఆర్నెల్లు. ఫోటో ఇస్తనంటివి గదా. ఇంట్ల ఒక్కటి గూడ లేదు. ఆధార్ కార్డు మీదిది ఆయిననే గుర్తువట్టకపోతుండె."

పోయాడన్న సంగతి ఓదెలుకు అప్పుడే తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాడు. వంటావార్పు ఫోటోను పెద్దది చేసి కట్టిన గోడంత ఫ్లెక్సీ వైపు చూపించాడు. భద్రమ్మ దగ్గరికి వెళ్లి ఫ్లెక్సీ మీది సగం వేలును తడిమింది.

"తల ఎవలిదో నాకెరుక లేదు. గీ చెయ్యి మాత్రం మా ఆయినదే," అంది. ఫ్లెక్సీకి దండ వేసి, బొట్టు పెట్టి, ఊదుబత్తులు ముట్టించి, కొబ్బరికాయ కొట్టింది.

తర్వాత వచ్చినవాళ్లు దండ చూసి చెప్పులు విడిచారు. లక్ష్మీకాంత్ రెండు నిమిషాల మౌనం ప్రకటించారు. ఆ మౌనం మధ్యలోనే రాజలింగు అనుచరులతో సహా లోపలికి వచ్చాడు. మౌనం పవిత్రమైనది కాబట్టి ఎవరూ ఆయనను పలకరించలేదు. ఆ తర్వాత ఆయన ఎదుటే ఆయన లేని లోటు గురించి ముగ్గురు మాట్లాడారు. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు.

"నేను బతికే ఉన్న!" అని రాజలింగు అరిచాడు.

"అట్లని ఫోటోల లేదు గదన్నా," అన్నారు లక్ష్మీకాంత్ ఎంతో బాధగా. మొదటి తీర్మానాన్ని ఉల్లంఘించే అధికారం ఆయనకు లేదు.

"నా తల తీసెయ్యి ఓదెలూ! ఇప్పుడే తీసెయ్యి!"

ఓదెలు ఆల్బం అంచులు కోసే బ్లేడుతో తల కోసేశాడు. చిల్లులోంచి వెనకాల గోడ కనిపించింది. అందరి వైపు తిరిగాడు. "వండింది తావుర్యా. నేను సూసిన. తప్పు నాదే," అన్నాడు.

"రుజువుగా ఫోటో ఉందా?" అని ఉపసంఘం అడిగింది. లేదు. సాక్ష్యం తోసిపుచ్చబడింది.

"నాకు తల ఇయ్యలేవు గాని, గా చెయ్యన్న కోసియ్యి తమ్మీ," అంది భద్రమ్మ. ఓదెలు మణికట్టు దాకా జాగ్రత్తగా కోసి ఇచ్చాడు. ఆమె దాన్ని కొంగులో చుట్టుకుని మానుకోట బస్సెక్కింది.

ఫ్లెక్సీ ఇంకా అక్కడే ఉంది. దండ కూడా ఉంది. ఖాళీ అయిన తల కోసం మర్నాటికల్లా పదిహేడు దరఖాస్తులు వచ్చాయి. తుది నిర్ణయం కాలేదు కనుక పాఠకులు కూడా నిరాశపడనక్కర్లేదు. ఒక పాస్‌పోర్టు ఫోటో జతచేస్తే చాలు. చెయ్యి కోసం ఇంతవరకు ఎవరూ దరఖాస్తు పెట్టుకోలేదు.