మద్దిగొంది మోత జీపు

మద్దిగొంది కొండల్లో జీపు మనుషుల్ని మోయదు, మనుషులే జీపును మోస్తారు. కింద సంతవలసలో తారు రోడ్డు ఆగిపోయాక వచ్చే వాగు దగ్గర మొదలై, నీళ్ళు దాటి, రెండు ఎత్తులెక్కి, రాళ్ళ మీదుగా పైన ఊరి దాకా జీపు భుజాల మీద వెళుతుంది. లోపల డ్రైవరు ఉంటాడు. స్టీరింగు తిప్పుతాడు, మలుపులో హారను కొడతాడు, ఎత్తు వస్తే ఫస్టు గేరు వేస్తాడు. గేరు పడిన చప్పుడు విని కింద మోసేవాళ్ళు అడుగులు చిన్నవి చేస్తారు. ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. రవాణా శాఖ వాళ్ళే ఆశ్చర్యపోలేదు.

ఆ జీపుకి చరిత్ర ఉంది. ఆ జాతి బండి పుట్టిందే యుద్ధం కోసం. బురదలో, ఇసుకలో, తూటాల మధ్య సైనికుల్ని మోయమని ఎవరో దూరదేశంలో గీసిన బొమ్మ అది. యుద్ధం అయిపోయింది, బండ్లు మిగిలాయి. ఇది మన సైన్యంలో కొన్నాళ్ళు తిరిగి, వేలంలో ఒక కలప కంట్రాక్టరు చేతికి వచ్చింది. ఆయన దాంతో అడవిని కిందికి దించాడు. దించడానికి అడవి మిగలకపోయేసరికి ఎన్నికల డ్యూటీకి ఇచ్చాడు. ఓట్ల పెట్టెలు పైకి వెళ్ళాయి, కిందికి వచ్చాయి. పెట్టెలకి ఏ కొండలోనైనా దారి దొరుకుతుంది, అది వేరే సంగతి. చివరికి ముసలిదై సంతవలసలో ఒక గోదాము వెనక పడి ఉంటే, మద్దిగొందికి చెందిన పాంగి సోంబ్రు ఒక ఎద్దునీ, ఆ ఏటి పసుపు పంటనీ ఇచ్చి తెచ్చుకున్నాడు. ఎద్దు నడిచి కిందికి వచ్చింది. జీపు నడిచి పైకి పోలేకపోయింది. యుద్ధాలు గెలిచిన బండి మద్దిగొంది వాగు దగ్గర ఓడిపోయింది.

సోంబ్రు దాన్ని వాగు ఇవతలే ఉంచి, సంతవలస దాకా మనుషుల్ని తిప్పుకునేవాడు. అలాగే ఉండిపోయేది. కానీ ఇంజినీరు వచ్చాడు.

ఆయన పేరు లింగాల కూర్మారావు. మద్దిగొందికి రోడ్డు మంజూరయ్యే ముందు స్థలం చూసి రమ్మని పంపారు. సంతవలసలో నాటుకోడి కూరతో భోజనం చేసి, సోంబ్రు జీపెక్కి, వాగు రాకముందే నిద్రపోయాడు. ఊరి మగవాళ్ళు వాగు దగ్గర ఎదురుచూస్తున్నారు. చుట్టం కాళ్ళు ఊళ్ళో కడగాలే గాని దారిలో బురద కాకూడదని మద్దిగొంది ఆచారం. నిద్రపోతున్న చుట్టాన్ని లేపకూడదని ఇంకొక ఆచారం. రెండూ కలిస్తే చేయగలిగింది ఒకటే. ఇరవై మంది వెదురు గెడలు అడ్డం వేసి, జీపును మనిషితో సహా ఎత్తుకున్నారు. దగ్గొచ్చినవాడు దగ్గు ఆపుకున్నాడు.

ఊళ్ళో కళ్ళు తెరిచిన కూర్మారావు సంతోషించాడు.

"ఒక్క కుదుపు లేదయ్యా. పట్నంలో కూడా ఇలాంటి దారి లేదు."

చుట్టం మెచ్చుకున్నాడని ఊరంతా మురిసిపోయింది. మద్దిగొంది చేసిన తప్పు అదే. కూర్మారావు కిందికి వెళ్ళి 'వాహనయోగ్యం' అని రాసేశాడు. మంజూరు కావలసిన రోడ్డు అప్పటికే రోడ్డున్న ఇంకో ఊరికి వెళ్ళింది. రోడ్డున్న ఊరికి రోడ్డు సామాను తీసుకెళ్ళడం సులువు గదా.

సంగతి తెలిశాక సోంబ్రు ఆఫీసుకి వెళ్ళి చేతులు కట్టుకుని చెప్పాడు. "అది దారి కాదు సారూ. మిమ్మల్ని మేం మోసుకెళ్ళినాం."

కూర్మారావు ఆలోచించాడు. "అయితే మోయగలరన్నమాట," అన్నాడు.

ఆ తర్వాత జిల్లాను డోలీ రహిత జిల్లాగా ప్రకటించారు. గెడకి దుప్పటి కట్టి, అందులో రోగిని పడుకోబెట్టి మోసుకొచ్చే ఫొటోలు పేపర్లో పడి పై అధికారులకి తలవంపులవుతున్నాయి. రోడ్డు వేయడానికి ఏళ్ళు పడుతుంది, ప్రకటించడానికి ఒక పూట చాలు. ఇక మీదట డోలీ లేదు. లేని డోలీలో వచ్చిన మనిషి కూడా లేనట్టే గనక ఆస్పత్రిలో చేర్చుకోవడానికి వీలుండదు. ఎవరైనా సరే వాహనంలోనే రావాలి.

మద్దిగొందికి వాహనం ఉంది. దాన్నే మోయడం మొదలుపెట్టారు.

నిబంధనలు ఒక్కొక్కటే వచ్చాయి. ఇంజను లేనిది బండి కాదు కాబట్టి ఇంజనును కూడా మోశారు. మోసేవాళ్ళు బీడీ తాగకూడదన్నారు, పొగ ఎక్కువవుతుందని. కుడి వైపు ముందు మోసేవాడిని ముందు కుడి చక్రం అన్నారు. ఒకడికి జ్వరం వస్తే తమ్ముడిని పంపి, టైరు మార్చామని చెప్పాలి. మైలేజీ ఎంతని అడిగితే సోంబ్రు, వాగు దాకా ఒక కుండ చోడంబలి, పై ఎత్తుకి ఇంకో కుండ అని చెప్పాడు. అధికారి అది డీజిలు కంటే చవకని మెచ్చుకున్నాడు. పొదుపు విషయంలో ఆ ఊరు జిల్లాకే ఆదర్శమన్నాడు.

విశాఖపట్నం నుంచి కొండబండ్ల క్లబ్బు వాళ్ళు కూడా వచ్చారు. రోడ్డు లేని చోట నడపడానికే తయారైన బండ్లు వాళ్ళవి. ఎత్తయిన చక్రాలు, ముందు ఇనప కొక్కెం, నెత్తిన దీపాల వరస, ఎప్పుడూ నీళ్ళలో మునగకపోయినా, మునిగితే ఇంజను గాలి పీల్చుకోవడానికి ముక్కుగొట్టం. ఆదివారం ఆదివారం బురద కోసం వెతుక్కుంటూ తిరుగుతారు. మద్దిగొంది వాగులో వాళ్ళకి కావలసినంత బురద దొరికింది. బండ్లు ఇరుసుల దాకా దిగబడ్డాయి. ఊరివాళ్ళు వాటిని కూడా భుజాలకెత్తుకున్నారు, చుట్టాలు గనక.

క్లబ్బు నాయకుడు హర్షిత్ సోంబ్రు పక్కన కూర్చుని సెల్‌ఫోను ముందుకు పెట్టాడు.

"అన్నా, ఓనరుగా నీ అనుభవం చెప్పు. ఇంత పాత బండితో ఎలా ఉంటుంది?"

"బరువుగా ఉంటుంది బాబూ."

"అంటే స్టీరింగా?"

"మొత్తం."

"సస్పెన్షన్ మాత్రం అదిరింది. ఊయల్లో ఊపినట్టుంది."

"మా డొంబుగాడి భుజం బాబూ అది. వాడిది ముందు కుడి సెక్రం."

హర్షిత్ దాన్ని ఊళ్ళో ఏదో వాడుక మాట అనుకుని తలూపాడు. వెళ్ళేముందు చేతులు పట్టుకుని బతిమాలాడు. "ఒక్కటే మాట అన్నా. ఇక్కడ రోడ్డు పడనివ్వకండి. పడిందంటే ఈ దారి చచ్చిపోతుంది."

పట్నం వెళ్ళి ఆ మాటే సంతకాలతో కలెక్టరుకి పంపాడు. రోడ్డు లేనితనాన్ని వారసత్వ సంపదగా కాపాడాలని అందులో కోరారు. రోడ్డు కావాలని మద్దిగొంది పెట్టిన అర్జీ మీద ఎవరూ ఏమీ రాయలేదు. క్లబ్బు అర్జీ మీద 'పరిశీలించవచ్చు' అని రాశారు.

వానలు పట్టిన ఒక ఉదయం కిల్లో డొంబు భార్య జమునకి నొప్పులు మొదలయ్యాయి. ఊళ్ళో పురుళ్ళు పోసే ముసలి సొన్నాయి కడుపు తడిమి చూసి లేచి నిలబడింది.

"కడుపులో గుంట అడ్డం తిరిగినాది. నా సేతుల్లో నేదు. పొద్దు నడినెత్తికెక్కే లోపల ఆస్పత్రికి సేరాల, నేకపోతే ఇద్దరూ దక్కరు."

కూర్మారావు ఆ రోజు ఊళ్ళోనే ఉన్నాడు. ఏటా వచ్చి, వాహనయోగ్యం అవునా కాదా అని చూసి వెళ్ళాలి. అప్పటికే జీపులో ముందు సీటులో కూర్చుని ఉన్నాడు. జమునని వెనక పడుకోబెట్టారు. సోంబ్రు స్టీరింగు ముందు కూర్చున్నాడు. డొంబు కుడి వైపు ముందు గెడ కిందికి దూరాడు. బండి లేచింది.

మొదటి ఎత్తు దిగేసరికే వాళ్ళ పని అయిపోయింది. బురదలో కాలు ఆనడం లేదు. రెండడుగులు వేస్తే ఒకడు జారుతున్నాడు, ఒకడు జారితే బండి ఒరుగుతోంది, బండి ఒరిగితే లోపల జమున కేక పెడుతోంది.

డొంబు తల పైకెత్తి సోంబ్రుతో అన్నాడు. "మాఁవా, ఇలగైతే పొద్దుగూకినా సేరం. దుప్పటుంది, గెడుంది. దాన్నొక్కదాన్నే అయితే ఇద్దరం పరుగెట్టుకెళ్ళిపోతాం."

కూర్మారావు కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఆ మాట నా ఎదుట అనకు బాబూ. డోలీ లేదు."

"నేదు సారూ. ఉంటే బాగుండీదని."

కూర్మారావు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ దేశంలో పని సులువయ్యేది, తన్నేవాళ్ళం. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు. వెనక మూలుగు వింటుంటే ఆయనకీ చెమటలు పడుతున్నాయి.

"బండి బరువు తగ్గించుకోండి," అన్నాడు. "అందుకు నిబంధన అడ్డు రాదు."

"స్టెప్నీ పీకీమంటారా?"

"స్టెప్నీ లేకపోయినా జీపే."

స్టెప్నీ దారి పక్కన పడింది. తలుపులు లేకపోయినా జీపేనని ఆయన చెప్పాడు. తలుపులు ఊడదీశారు. పై కప్పు, వెనక తొట్టి, ఇనప కమ్మీలు పోయాయి. ఇంకా బరువుగానే ఉంది. సోంబ్రు తనూ దిగిపోయి ఇంజను వైపు చూశాడు. కూర్మారావు కళ్ళు మూసుకుని కొంచెంసేపు ఆలోచించాడు.

"రిపేరుకి ఇచ్చిన బండిని బండి కాదంటామా? ఇంజను రిపేరులో ఉంది. తీసేయండి."

తుప్పు పట్టిన బోల్టులు రాళ్ళతో కొట్టి ఇంజనును దించారు. చక్రాల దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగలేదు. "అవి నేల తాకి ఎన్నాళ్ళయింది?" అని అడిగాడు. ఈ దారిలో ఎప్పుడూ తాకలేదని చెబితే, పని చేయనివాటిని ఉంచుకోవలసిన అవసరం లేదన్నాడు. చక్రాలు బురదలో పడుకున్నాయి.

వాగు కనిపించింది. ఎర్రగా పొర్లుతోంది. భుజాల మీద ఇప్పుడు చాసీ, ముందు సీటు, ఆ సీటులో కూర్మారావు, వెనక చెక్క మీద జమున మిగిలారు. ఇంకేం తీయాలో అందరికీ కనిపిస్తూనే ఉంది. ఎవరూ అనలేదు. చుట్టాన్ని దిగమనడం ఆ ఊళ్ళో ఎవరికీ నోరు రాని పని.

జమునే అంది. పళ్ళు బిగించుకుని, మర్యాదగానే అంది.

"సారూ, తమరు దిగండి."

బండి వెనకే నడిచి వస్తున్న సొన్నాయి దానికి వంత పాడింది. "దిగు నాయినా. గుంటడికి సోటియ్యి."

కూర్మారావు దిగాడు. కాలు పిక్క దాకా కూరుకుపోయింది. ఇంకో కాలు పెడితే అది మోకాలి దాకా వెళ్ళింది. ఆయన చుట్టూ చూశాడు, కింద చూశాడు, మళ్ళీ చుట్టూ చూశాడు.

"ఇక్కడ రోడ్డు లేదే," అన్నాడు.

"నేదు సారూ," అన్నాడు సోంబ్రు.

"నేను రాసేశానే."

"రాసీసినారు సారూ."

దానికి ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. జమున మూలుగు సన్నబడిపోతోంది. కూర్మారావు బురదలో నిలబడే చివరి తీర్పు చెప్పాడు. "చాసీ కూడా వదిలేయండి. శాఖ దగ్గరున్నది నంబరే. బండిని ఎవరూ ఎప్పుడూ చూడలేదు."

నంబరు పలకని ఊడదీసి వెదురు గెడ చివర తీగతో కట్టారు. గెడకి దుప్పటి కట్టారు. దుప్పట్లో జమున పడుకుంది. డ్రైవరు లేకుండా బండి కదలకూడదు కాబట్టి సోంబ్రు స్టీరింగు ఊడదీసి చేత్తో పట్టుకుని ముందు నడిచాడు. మలుపు వచ్చినప్పుడు నోటితో హారను కొట్టాడు. డొంబు ముందు, ఇంకొకడు వెనక. వాగులో మిగతావాళ్ళు చేతులు కలిపి గోడ కట్టి నిలబడ్డారు. నీళ్ళు దాటాక బండి పరుగందుకుంది. ఆ జీపు తన జీవితంలో ఎప్పుడూ అంత వేగంగా పోలేదు, యుద్ధంలో కూడా.

సంతవలస ఆస్పత్రి గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"ఎందులో వచ్చినారు?"

"జీపులో."

అతను వంగి నంబరు చదివాడు. "డ్రైవరెవరు?"

సోంబ్రు స్టీరింగు చూపించాడు.

"సరే. దింపీసి బండి పక్కకెట్టుకోండి. అంబులెన్సులొచ్చే దారి."

జమునని లోపలికి తీసుకెళ్ళారు. డొంబు గెడని గోడకి ఆనించి దాని పక్కనే కూలబడ్డాడు. పొద్దు నడినెత్తికి రాకముందే లోపలినుంచి ఏడుపు వినిపించింది. కోసి తీశామనీ, ఆడపిల్లనీ, తల్లి బాగుందనీ నర్సు వచ్చి చెప్పింది. సొన్నాయి నడుచుకుంటూ అప్పుడే చేరి, మాట వినగానే వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత చాలాసేపటికి ఒళ్ళంతా ఎర్రమట్టితో కూర్మారావు వచ్చాడు. బిడ్డ సంగతి విని, గోడ పట్టుకుని, రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. అంత ఊరట ఆయన ఉద్యోగంలో ఎప్పుడూ పొందలేదు.

ఆ ఊరటలోనే ఆయన నివేదిక రాశాడు. నిజాయితీగా రాశాడు. వాహనం తేలికైతే ప్రాణం నిలిచిందని రాశాడు. పైవాళ్ళకి అది నచ్చింది. కొండ ప్రాంతాలకి తేలికరకం వాహనం ఆమోదించారు. పథకం కింద రోడ్డు లేని ఊళ్ళన్నిటికీ నంబరు పలకలు పంచారు, గెడా దుప్పటీ ఊరివాళ్ళవే. జిల్లాలో వాహనం లేని ఊరు లేదని ప్రకటించడానికి మళ్ళీ ఒక పూటే పట్టింది. హర్షిత్ క్లబ్బు వాళ్ళు, ఈ తరహా బండ్లలో ఇంత తేలికైనది ప్రపంచంలో లేదని రాసి, తమకి కూడా ఒకటి కావాలని అడిగారు.

తొమ్మిది రోజుల తర్వాత జమున, బిడ్డ ఆ బండిలోనే ఊరెక్కారు. ఇంజను చప్పుడు లేదు, బిడ్డ నిద్రపోతోంది. వాగు తగ్గింది. డొంబు ముందు మోస్తున్నాడు, బీడీ కూడా వెలిగించాడు, ఈ రకానికి పొగ పరీక్ష లేదు.

"బరువుగా ఉన్నామేటి?" అని లోపలినుంచి జమున అడిగింది.

"ఏటి బరువే. పాతదాని ముందు ఇదేటి బరువు."

మద్దిగొందిలో ఇప్పుడు రోడ్డు మాట ఎవరూ ఎత్తడం లేదు. అంత బరువు దిగిపోయాక, మిగిలినదాన్ని బరువనడం వాళ్ళకి మర్యాదగా తోచడం లేదు.