ముందు అన్నం, ఆ తర్వాతే కూర

కొత్త రుచుల బెడద లేకుండా హాయిగా బతకాలనుకుంటున్నారా? అయితే వెంటనే ఇండియన్ రెస్టారెంటుకి వెళ్ళండి!

నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను. ఇటలీలో క్రెమోనా దగ్గర మా చిన్న ఊళ్ళో, పాత చెప్పుల దుకాణం ఉన్నచోట, బల్కార్ సింగ్ అనే పంజాబీ ఆయన హోటల్ తెరిచాడు. అంతకుముందు ఇక్కడి పశువుల కొట్టాల్లో పాలు పితికేవాడు. మా ప్రాంతపు చీజు వ్యాపారమంతా ఇలాంటివాళ్ళ చేతుల మీదే నడుస్తోంది, అది వేరే సంగతి. ప్రతి గురువారం మా కుటుంబమంతా ఆ హోటల్‌కే వెళ్తాం. కొత్త వంటకాలు రుచి చూడటం మా సరదా. అవన్నీ మాకు ముందే తెలిసిన రుచిలో ఉండటం మా అదృష్టం.

ఆ అదృష్టం ఊరికే వచ్చిందా? మా అత్తగారు ఎర్సీలియా ఎంత పాటుపడితే వచ్చింది!

హోటల్ తెరిచిన వారమే వెళ్ళాం. వంట చేసేది బల్కార్ భార్య మంజీత్. ఆవిడకి ఒకటే కోరిక. తన చేతి ఆవాకు కూర, మొక్కజొన్న రొట్టె ఈ ఊరివాళ్ళలో ఒక్కరైనా తిని బాగుందనాలి. పొద్దుటినుంచీ కూరని సన్నసెగ మీద ఉడికించి, మెత్తగా ఎనిపి, పైన వెన్నముద్ద వేసి, తనే స్వయంగా బల్ల దగ్గరికి తెచ్చింది. దాంతోపాటే అన్నం, ఇంకో కూర, పెరుగు. అన్నీ ఒకేసారి!

మా అత్తగారు కుర్చీలోంచి లేచినంత పనిచేశారు.

"ఇదేం పద్ధతయ్యా? అన్నీ ఒక్కసారే తెచ్చి కుమ్మరిస్తే తినేదెలా? ముందు అన్నం పెట్టు. అదయ్యాక కూర పట్టుకురా."

"అన్నంలో కూర కలుపుకోవాలమ్మా," అన్నాడు బల్కార్.

"కలపడమా? నేనేమన్నా కోళ్ళకి దాణా కలుపుతున్నానా!"

గిన్నెలు లోపలికి వెళ్ళాయి. ఉత్తన్నం వచ్చింది. దానిమీద ఆలివ్ నూనె పోసుకుని, చీజు తురుము చల్లుకుని తిన్నాం. ఆ పళ్ళేలు తీశాక అప్పుడొచ్చింది కూర, తోడు లేకుండా. అత్తగారు ఆవాకు కూర వాసన చూసి, "అబ్బో, ఘాటు! తీసెయ్యండి" అన్నారు. రొట్టెని చూసి, "పాపం, మన మొక్కజొన్న పొలెంటా సంకటి మాడిపోయినట్టుంది" అని జాలిపడ్డారు. క్రిస్మస్‌కి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఆవఘాటుతో చేసే మా ఊరి పళ్ళపాకం గిన్నెడు లాగించే మనిషే ఈవిడ! కానీ మన ఘాటు వేరు, పరాయివాళ్ళ ఘాటు వేరు కదా?

మంజీత్ ఆ గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

అక్కణ్ణుంచి చూడండి అభివృద్ధి! మెనూలో మొదటి విడత అన్నం, రెండో విడత కూర అని వేరువేరుగా అచ్చయ్యాయి. నాన్ మీదకి టమాటా ఎక్కింది, ఆపైన చీజు ఎక్కింది. భోజనం చివర పాలు పోసిన టీ ఇవ్వబోతే, "తిన్నదాని మీద పాలా? పొట్టలో రాయిలా కూర్చోదూ?" అని అత్తగారు హోటలంతా వినబడేలా వైద్యం చెప్పారు. టీ కూడా మాయమైపోయింది.

కోర్మా తిన్నాం, మఖనీ తిన్నాం, షాహీ ఏదో తిన్నాం. అన్నీ మీగడే. ఒకదానికీ ఇంకోదానికీ తేడా కనిపెట్టినవాళ్ళకి నా పాదాభివందనం! మా బావమరిది ఫౌస్తో అయితే ఆఫీసులో చెప్పుకుంటున్నాడట, ఇండియా వంటలు తనకి కొట్టిన పిండని.

"ఇందులో కారం ఉందా?" అని ప్రతి గురువారం అడుగుతారు అత్తగారు.

"లేదమ్మా."

"అసలు లేదా?"

"అసలు లేదమ్మా."

"అయినా ఇంకాస్త తగ్గించు."

ఇంత భద్రత ఇంకెక్కడన్నా దొరుకుతుందా?

కానీ మొన్న గురువారం ఒక ప్రమాదం జరగబోయింది. కాస్త పెందరాళే వెళ్ళాం. చేతులు కడుక్కోవడానికి లేచానా, వంటింటి తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల బల్కార్, మంజీత్ భోజనం చేస్తున్నారు. అదే ఆవాకు కూర, అవే రొట్టెలు. వేడి వెన్న వాసన వచ్చి నా కాళ్ళకి అడ్డం పడింది. నోరూరిపోయింది!

"అమ్మా, నాకూ ఒక రొట్టె పెట్టరూ?" అన్నాను.

మంజీత్ భర్త వైపు చూసింది. బల్కార్ చెయ్యి తుడుచుకుంటూ లేచాడు.

"వద్దు సార్, మీకు పడదు."

"పడుతుందయ్యా, పెట్టి చూడు."

"పెట్టాం కదా సార్, మీరే వెనక్కి పంపించారు. ఆ రోజంతా ఏడుస్తూనే ఉంది ఈవిడ. ఇంక మీ ఎవరికీ పెట్టనంది." కోపంగా కూడా అనలేదు. "వెళ్ళి కూర్చోండి సార్. ఇండియన్ భోజనం మీ బల్ల మీదికి పంపిస్తాను. ఇది మా ఇంటి తిండి."

తలుపు మెల్లగా వేసేశాడు.

చూశారా? ఇక మా ఊరికి ఏ భయమూ లేదు. నేను బుద్ధిగా వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఉత్తన్నం వచ్చింది.

"ఏమిటల్లుడూ, మొహం అలా పెట్టావు? కారంగా ఉందా?" అన్నారు అత్తగారు.

లేదన్నాను. సిగ్గేసింది. నిజం చెప్పొద్దూ, అంతకంటే ఎక్కువ ఆకలేసింది.