స్పీకరుకు మోటరు కేబులు

ఆ ఉదయం విజయభాస్కర్ అనుకున్న పని ఒక్కటే. పాత టేపు రికార్డరుకు కొత్త స్పీకరు వైరు వేయించి, భార్య సుబ్బరత్నమ్మ గొంతు వినాలి. ఆమె పోయి ఆ రోజుకు మూడేళ్లు. ముప్పై ఏళ్ల కిందట ఆయన రేడియోలో వస్తున్న పాటను టేపులోకి రికార్డు చేస్తుంటే, ఆమె వాకిట్లోంచి ఏదో కేకేసింది. ఇంట్లో మిగిలిన ఆమె గొంతు అదొక్కటే. ఉన్న వైరు దారమంత సన్నం. దాంట్లో పాటే సరిగా పలకదు, వాకిట్లో వేసిన కేక ఏం పలుకుతుంది?

అంతకు వారం ముందే అనంతపురం అంగట్లో పదకొండు రకాల రాగి వైర్లు చూపించారు. వారం రోజులు ఏదీ తేల్చుకోలేక, చివరికి తమ ఊరు కంబదూరులోనే మోటర్లు బాగుచేసే షఫీవుల్లాను పిలిచాడు.

"అంగడి వైరెందుకు సార్? ఎండిపోయిన బోర్ల కేబులు నా కాడ కుప్ప పడుండాది. లావు రాగి. ఒక్క అక్షరం యాడా పోదు."

టేపు రికార్డరు నుంచి స్పీకరు దాకా పోవాల్సిన ఆ కేబులు బీరువా వెనక వంగనంటే వంగనంది. షఫీవుల్లా దాన్ని కిటికీలోంచి బయటికి తీసి, వాకిట్లో నాలుగేళ్లుగా చుక్క లేని బోరు పక్కగా లాగి, రెండో కిటికీలోంచి స్పీకరుకు కలిపి, టీ తాగి వెళ్లిపోయాడు.

పావుగంటలో ఎదురింటి బయమ్మ బిందెతో వచ్చింది. "బోర్లో నీళ్లు పడినాయా సార్? కేబులు చూసినా."

"నీళ్లు యాడివి బయమ్మా. అది పాటలకు."

ఆమె సరేనని తలూపి, బిందెను బోరు ముందు పెట్టింది. కాసేపట్లోనే దాని వెనక బిందెల వరస గేటు దాటింది. పక్కింటి ఓబుళేసు బోరు పైపుకు పసుపు పూసి టెంకాయ కూడా కొట్టేశాడు.

"పాటలకు మోటరు కేబులు ఎవురన్నా ఏస్తారా సార్?" అన్నాడు. "పోయిన ఎండాకాలం మా ఇంటి నీళ్లు తాగితివే. నీకు పడినంక మాకే దాస్తాండావా?"

తాగిన మాట నిజం. అందుకే అది గుచ్చుకుంది. "దాసేదేముండాదప్పా. ఉండండి, ఇనిపిస్తా."

ఒంటరిగా వినాలనుకున్న గొంతు. వీధికంతా వినపడేలా పెంచి పెట్టాడు. పాట సగంలో ఉండగా సుబ్బరత్నమ్మ పలికింది. "ట్యాంకరొచ్చినాది, బిందెలు తీస్కరాండి."

ఆ కేక వింటే ఆ వీధిలో ముందు కాళ్లు కదులుతాయి, ఆలోచన తర్వాత. బిందెలెత్తుకుని వరసంతా రోడ్డుమీదికి పరుగెత్తింది. టెంకాయ చిప్పలతో సహా ఓబుళేసు కూడా.

బయమ్మ మాత్రం కదల్లేదు. "అక్క గొంతు కదా సార్," అంది మెల్లగా. "ఎప్పుడూ ఫస్టు నన్నే పిలుస్తాండె." బిందె పక్కన పెట్టి మెట్టుమీద కూర్చుంది. వినడానికి పక్కన ఇంకో మనిషి ఉండటం ఇంత హాయి అని ఆయనకు తెలియదు.

టేపు ఇంకా తిరుగుతోంది. ఆ కేక తర్వాత వచ్చే గొంతు సంగతే ఆయన మరిచిపోయాడు. అది ఆయనదే.

"బుద్ధుండాదా నీకు? పాటంతా పాడు చేస్తివి. ఒక్క పూట నోరు మూసుకోని ఉండలేవా?"

ఆ వెంటనే టేపులో గాజుల చప్పుడు, ఖాళీ బిందె ఎత్తుకున్న చప్పుడు. బయమ్మ తల వంచుకుని కొంగుతో బిందె అంచు తుడుస్తూ ఉండిపోయింది. తనవైపు చూడనందుకు ఆయన ఆమెకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

షఫీవుల్లా అబద్ధం చెప్పలేదు. ఒక్క అక్షరం ఎక్కడా పోలేదు.