దయచేసి లైన్లోనే ఉండండి

గత ఆరు నెలలుగా నగరంలో నీటి కొరతపై ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కాలేదని నీటి సరఫరా శాఖవారు సగర్వంగా ప్రకటించారు. ఆ సంగతి నాలుగు వీధుల కూడలిలో గోడమీద నిలువెత్తు అక్షరాలతో రాయించారు కూడా. రాసేముందు గోడ కడగాలి కదా, దానికి నీళ్ళు లేక పొడిగుడ్డతో దులిపి రాయించారు. అందుచేత మొదటి వాక్యంలో సగం అప్పుడే పెచ్చులూడిపోయింది. మిగతాదంతా నిక్షేపంగా ఉంది.

ఈ ఘనతకు మూలపురుషుడు ఆ పక్క వీధిలోనే, మూడో అంతస్తులో రెండు గదుల వాటాలో కాపురం ఉంటున్నాడు. చుట్టుపక్కలవాళ్ళు అతన్ని దరువు అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, గోడల్లోంచి వచ్చే మోతను బట్టి ఇదే బాగుందని అందరూ ఖాయం చేశారు. అతను కంప్యూటరు ముందు కూర్చుని డాన్సు సంగీతం కడతాడు. అందులో మాటలుండవు, అర్థం చేసుకోవలసిన బాధ ఎవరికీ లేదు.

అలాంటి పాటలో అసలు దరువు విరుచుకుపడబోయే ముందు శబ్దం అంతకంతకూ పైకెక్కుతుంది. జనం చేతులెత్తి, ఊపిరి బిగబట్టి నిలబడతారు. దాన్ని ఆ వృత్తిలో బిల్డప్ అంటారు. ఆ తర్వాత విరుచుకుపడేది డ్రాప్. బిల్డప్ కట్టడంలో మనవాడిని కొట్టినవాడు లేడు. డ్రాప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాపం చెయ్యాడదు. అందుకని తోటి సంగీతకారులు అతని దగ్గర బిల్డప్ పట్టుకుపోయి, డ్రాప్ మాత్రం తమ సొంతది తగిలించుకునేవాళ్ళు. ఆ విధంగా బతుకు సాఫీగానే నడిచిపోతుండేది. ఒక్క నీళ్ళే లేవు.

ఆ వీధికి నీళ్ళు మొదట్లో రోజు విడిచి రోజు వచ్చేవి. తర్వాత వారానికొకసారి. ఆ తర్వాత శాఖవారికి ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు. వచ్చేముందు కుళాయి ఒక చప్పుడు చేస్తుంది, మీకు వేరే చెప్పనక్కర్లేదు. గొట్టంలో గాలి సన్నగా బుస్సుమంటుంది, కాస్త కాస్త పెద్దదవుతుంది, గొంతు సవరించుకున్నట్టు రెండుసార్లు గురగురలాడుతుంది, ఆపైన ఒక్క క్షణం ఏమీ ఉండదు. ఆ ఒక్క క్షణంలో ఇంటిల్లిపాదీ బకెట్లు పట్టుకుని వంటింట్లో ఉండాలి. దరువు అత్తగారు ఆ చప్పుడు వినిపించదేమోనని ఫ్యాను ఆపేసి, మిక్సీ ఆపేసి, చివరికి అల్లుడి సంగీతం కూడా ఆపించి చెవి ఒగ్గి కూర్చునేది.

ఒకసారి పదకొండు రోజులు నీళ్ళు రాలేదు. దరువు ఫిర్యాదుల నంబరుకు ఫోను చేశాడు. దయచేసి లైన్లోనే ఉండండి అని ఒక తీయని గొంతు బతిమాలింది. ఆ వెనక పాతకాలపు గంటల సంగీతం వచ్చింది. రెండు నిమిషాలు విని, చెవి నొప్పెట్టి పెట్టేశాడు.

"ఇక్కడ కూర్చుని పెట్టేస్తే ఎట్లా? వెళ్ళి మొహాన అడిగి రండి" అంది భార్య. సాక్ష్యానికి ఒక ఖాళీ బకెట్ కూడా చేతికిచ్చి పంపింది.

శాఖ కార్యాలయం మెట్లమీద కాలు పెట్టే సందు లేదు. నగరంలో సగంమంది సాక్ష్యాలతో సహా వచ్చి కూర్చున్నారు. దరువు మాత్రం ఎవరి కాళ్ళూ తొక్కకుండా, అందరి కాళ్ళమీదా బకెట్ పెట్టుకుంటూ ప్రధాన ఇంజినీరుగారి గదిదాకా చేరుకున్నాడు. ఆయన రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుని ఉన్నారు. ఒకదాంట్లోది తీసి, ఎంతో నిజాయితీగా మాట్లాడారు.

"చూడండి, మా సమస్య నీళ్ళు కాదు. నీళ్ళు లేకపోవడం ఎప్పటినుంచో ఉన్నదే, దానికి మేం అలవాటు పడిపోయాం. మా సమస్య మీరు. ఫోను చేస్తారు, పట్టుమని రెండు నిమిషాలు ఆగరు, పెట్టేసి బకెట్లేసుకుని ఇక్కడికి దిగిపోతారు. ఈ మోతలో మా సిబ్బంది ఎలా పనిచేస్తారు? ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

దరువు తన వృత్తి వివరించాడు. ఇంజినీరుగారు రెండో చెవిలో దూది కూడా తీసేశారు.

"అయితే జనం ఆగుతారంటారు?"

"చేతులెత్తుకుని మరీ ఆగుతారండీ."

"ఎంతసేపు?"

"డ్రాప్ వచ్చేదాకా."

"మరి అది రాకపోతే?"

వృత్తిలోకి వచ్చి పన్నెండేళ్ళయినా దరువును ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. బకెట్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "రాకపోతే ఇదిగో ఇప్పుడొస్తుంది అనుకుంటూ ఉంటారండీ" అన్నాడు. ఇంజినీరుగారు లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. ఫోనులో వినిపించడానికి ఒక బిల్డప్ కట్టి ఇస్తే, ప్రతిఫలంగా దరువు వీధిలో గొట్టం మరమ్మతుకు అగ్రప్రాధాన్యం ఇస్తామని అప్పటికప్పుడే కాగితం రాసిచ్చారు. దరువు ఆ కాగితాన్ని ఖాళీ బకెట్లో పడుకోబెట్టి జాగ్రత్తగా ఇంటికి తెచ్చాడు.

పని అనుకున్నంత తేలిక కాలేదు. మామూలు బిల్డప్ అరనిమిషంలో ముగుస్తుంది. ఇది ముగియకూడదు. డప్పు దెబ్బలు ఒకటి రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై చివరికి ఒకే గీతలా మారాలి. అలా మారాక ఎవరూ గమనించకుండా మళ్ళీ ఒకటి దగ్గర మొదలవ్వాలి. స్వరం పైకెక్కుతూ పోవాలి. అది నింగినంటి మాయమయ్యేలోగా కిందనుంచి ఇంకొకటి బయల్దేరాలి. వినేవాడికి ఎక్కుతున్నట్టే ఉంటుంది, ఎక్కిందేమీ ఉండదు. ఇదంతా అతనికి కొట్టినపిండే. ఎటొచ్చీ వెనకాల హోరున లేచే గాలి శబ్దమొకటి కావాలి. కంప్యూటర్లో ఉన్నవి నలభై రకాలు వేసి చూశాడు. ఒక్కదానికీ గుండె ఝల్లుమనలేదు.

అలా ఆరోరోజు పొద్దున వంటింట్లో కుళాయి బుస్సుమంది. భార్యా అత్తగారూ బకెట్లతో పరిగెత్తారు. దరువు మైకుతో పరిగెత్తాడు.

"రెండు నిమిషాలు ఎవరూ కదలొద్దు. బకెట్ పెడితే శబ్దం మారిపోతుంది" అన్నాడు.

"నీళ్ళొస్తుంటే మైకేంటే, మీ ఆయనకేమైనా అయిందా?" అని అత్తగారు కూతురితో అంది. అప్పటికే బుస్సూ గురగురా నిశ్శబ్దమూ అన్నీ మైకులోకి ఎక్కేశాయి. మొదటి బకెట్ నీళ్ళు మాత్రం తూములోకి పోయాయి. కళకోసం ఆమాత్రం త్యాగం చెయ్యకపోతే ఎలా.

పని పూర్తిచేసి వినిపించాడు. ఇంజినీరుగారు విన్నంతసేపూ కుర్చీ అంచుమీదే కూర్చున్నారు. దరువుకు మనస్సాక్షి అనేది కొంచెం ఉంది. "చివర్లో చిన్న డ్రాప్ ఏదైనా పెట్టమంటారా?" అని అడిగాడు.

"డ్రాప్ మా శాఖ పరిధిలోకి రాదు. దానికి పై అనుమతి కావాలి. ఫైలు కదులుతోంది" అన్నారు ఇంజినీరుగారు.

ఇక ఆ తర్వాతి సంగతి నగరానికంతా తెలుసు. రెండు నిమిషాలు ఆగలేని పౌరులు మొదటివారంలో నలభై నిమిషాలు ఆగారు. రెండోవారానికి మూడు గంటలు. కార్యాలయం మెట్లు ఖాళీ అయిపోయి, వాటిమీద పావురాలు కాపురం పెట్టాయి. సిబ్బంది ఫోనెత్తితేనే ఫిర్యాదు నమోదైనట్టు అని నిబంధన. ఇటు సిబ్బంది ఎత్తరు, అటు పౌరుడు పెట్టేయడు, మధ్యలో నిబంధన చెక్కుచెదరలేదు. కొత్తగా చేరిన ఒక ఉద్యోగిని అమాయకంగా ఒకనాడు ఫోనెత్తి, "చెప్పండి" అంది. "ఇదిగో వచ్చేస్తోంది అనుకుంటుంటే మధ్యలో ఎత్తుతావేంటమ్మా? మళ్ళీ పెట్టు" అని అవతలి పెద్దమనిషి మండిపడ్డాడు. విధినిర్వహణలో అత్యుత్సాహం చూపినందుకు ఆమెకు మెమో ఇచ్చారు.

చూస్తుండగానే వ్యాయామశాలవాళ్ళు ఆ నంబరుకు ఫోను చేసి, లైన్లో పెట్టుకుని బరువులెత్తసాగారు. దరువు కింది అంతస్తులో ఉండే పళ్ళడాక్టరు తన ఆసుపత్రి వరండాలో అదే వినిపించేవాడు. పన్ను పీకించుకోవలసినవాళ్ళు ఆ ఊసే మర్చిపోయి సాయంత్రానికి హుషారుగా ఇళ్ళకు వెళ్ళిపోయేవాళ్ళు. రోడ్ల శాఖవారు, విద్యుత్ శాఖవారు తమకూ ఒకటి కావాలని కబురుపెట్టారు. సన్మానసభలో ఇంజినీరుగారు కళ్ళు తుడుచుకుంటూ ఉపన్యసించారు. "నీళ్ళివ్వడం ఏ శాఖ అయినా చేస్తుంది. ఇచ్చిన నీళ్ళు సాయంత్రానికి అయిపోతాయి. వస్తాయన్న ఆశ ఇవ్వండి, దానికి అయిపోవడం లేదు, గొట్టం పగలడం లేదు. ఈ కళాకారుడు ఈ నగరానికి ఎన్నటికీ ఎండని నదిని తెచ్చాడు." సభ చప్పట్లతో మారుమోగింది. కళాకారుడికి గాజు కూజా బహూకరించారు. ఖాళీదే.

ఇంట్లో పరిస్థితి వేరుగా ఉంది. గొట్టం మరమ్మతు గురించి నెలనెలా ఉత్తరం వస్తూనే ఉంది. మొదటి ఉత్తరంలో మీ వీధి అగ్రప్రాధాన్యంలో ఉందన్నారు. రెండోదాంట్లో అత్యంత అగ్రప్రాధాన్యం. మూడోదాంట్లో పని ఇక రేపోమాపో అన్నారు. నాలుగోదాంట్లో కూడా అంతే, అక్షరాలు కొంచెం పెద్దవి. దరువు రెండు వీధుల అవతల ట్యాంకరు దగ్గర బకెట్లు నింపి, మూడంతస్తులు మోసి మోసి, ఎడమ భుజం కుడిదానికంటే రెండంగుళాలు కిందికి దిగింది. నీళ్ళు రాని పందొమ్మిదో రోజున భార్య బట్టల పెట్టె తీసి మంచంమీద పెట్టింది.

"ఆదివారంలోపు ఆ కుళాయిలో నీళ్ళొస్తే ఉంటాం. లేదంటే అమ్మా నేనూ మా అక్కవాళ్ళింటికి పోతాం. మీరూ మీ దరువూ హాయిగా ఉండండి" అంది. ఆమె ఊరికే బెదిరించే మనిషి కాదు. ఆమె లేని ఇంట్లో ఎంత మోత చేస్తే మాత్రం ఏం లాభం, ఆపమనేవాళ్ళే ఉండరు.

ఆదివారం పొద్దున్నే భార్య ఫిర్యాదుల నంబరుకు ఫోను చేసి, స్పీకరు పెట్టి బల్లమీద ఉంచింది. తీయని గొంతు బతిమాలింది. బిల్డప్ మొదలైంది. అత్తగారు అలవాటుగా ఫ్యాను ఆపేసింది. కింది అంతస్తు పళ్ళడాక్టరు తన కుర్చీ తానే తెచ్చుకుని కూర్చున్నాడు.

"ఎందుకే ఇదంతా? అందులో డ్రాప్ లేదు. కట్టినవాణ్ణి నేనే చెబుతున్నా కదా" అన్నాడు దరువు.

"మీకు డ్రాప్ కట్టడం రాదని లోకానికంతా తెలుసు బాబూ. వాళ్ళు మంచివాళ్ళెవరిచేతో పెట్టించే ఉంటారు" అంది అత్తగారు.

ఆ మాట అతనికి గుచ్చుకుంది. గుచ్చుకున్నచోటే చిన్న ఆశ కూడా మొలిచింది. ఫైలు కదులుతోందని ఇంజినీరుగారు అన్నారు కదా, కదిలి కదిలి ఒకచోటికి చేరే ఉండవచ్చు. అతను కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ముప్పై అయిదో నిమిషంలో డప్పు దెబ్బలు ఒకే గీతగా మారాయి. అప్పుడు సన్నగా బుస్సుమంది. దరువు కళ్ళు మూసుకున్నాడు. అరచేతిలో పట్టే ఫోనులోంచి కూడా ఎంత సహజంగా పలుకుతోంది తన పని. అచ్చం వంటింట్లోంచి వస్తున్నట్టే ఉంది. రెండుసార్లు గురగురలాడింది. ఒక్క క్షణం ఏమీ లేదు. అందరూ ఊపిరి బిగబట్టారు. పళ్ళడాక్టరు చేతులు పైకెత్తాడు.

ధారగా, హోరుగా, ఇల్లంతా నిండిపోయేలా విరుచుకుపడింది.

"వచ్చింది. డ్రాప్ వచ్చేసింది" అంది అత్తగారు. భార్య ఇన్ని రోజుల తర్వాత నవ్వింది. డాక్టరు కుర్చీ పక్కకు తోసి గంతులు వేశాడు. దరువు మాత్రం తలవంచుకుని విన్నాడు. ఎవడో గట్టివాడే, ఇన్నేళ్ళూ తనకు చేతకానిది ఎంత అలవోకగా కట్టాడు, ఆడంబరం లేదు, అచ్చం నీళ్ళే, అనుకుని కుళ్ళుకున్నాడు. కాసేపటికి ఆ కుళ్ళు కూడా మరిచిపోయి భార్య చెయ్యి పట్టుకుని ఆడాడు. ఇరవై నిమిషాలు వాళ్ళంతా తనివితీరా విన్నారు. ఆ తర్వాత అది సన్నబడి ఆగిపోయింది. ఫోనులో డప్పు మళ్ళీ ఒకటి దగ్గర మొదలైంది.

ఆడి ఆడి దాహమేసి భార్య గ్లాసుకోసం వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. ఒక్కొక్కరే వెళ్ళి చూశారు. సింకంతా తళతళా కడిగినట్టుంది. కుళాయి చివర ఆఖరి చుక్క ఒకటి వేలాడి, అందరూ చూస్తుండగా రాలి తూములోకి పోయింది. పక్కనే నాలుగు బకెట్లు బోర్లించి ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే ఫోనులో ఎవరో, "చెప్పండి, మీ ఫిర్యాదేమిటి?" అన్నారు. మెమో తీసుకున్న ఆ ఉద్యోగినే అయివుంటుంది.

భార్య ఫోను చేతిలోకి తీసుకుంది. బోర్లించిన బకెట్లవంక చూసింది. "నీళ్ళొచ్చాయా అండీ?" అని అవతలినుంచి మళ్ళీ అడిగారు. ఆమె అబద్ధమాడే మనిషి కూడా కాదు.

"వచ్చాయి" అంది.

"మరి ఫిర్యాదు లేదన్నమాట."

"లేదు గానీ, ఆ చివరి ముక్క ఇంకొక్కసారి వెయ్యమనండి" అన్నాడు వెనకనుంచి డాక్టరు.

ఆదివారంలోపు నీళ్ళొస్తే ఉంటానంది, వచ్చాయి. మాట మీద నిలబడే ఇల్లాలు కాబట్టి పెట్టె మళ్ళీ అటకెక్కించింది. దరువు సంతోషంగా రెండు బకెట్లు తీసుకుని, కుంగిన భుజంతో ట్యాంకరు దగ్గరికి బయల్దేరాడు. కూడలిలో గోడమీద పెచ్చులూడిన అక్షరాలు తిరగరాస్తున్నారు.

మీరిప్పుడు హాయిగా నవ్వుకుంటున్నారు. నవ్వండి, దానికి ఏ శాఖ అనుమతీ అక్కర్లేదు. ఇది మొదలుపెట్టినప్పటినుంచి మీ వంటింట్లో కూడా ఏదో చప్పుడు వస్తూనే ఉంది. కథలోదే అనుకుని చివరిదాకా కదలకుండా కూర్చున్నారు.