యాపిల్ రసం సలహా

మెకానిక్‌కు ఈ లోకంలో ఎవరి మీదైనా కక్ష ఉందంటే అది బావమరిది మీదే. ఊళ్లో అతన్ని 'సలహాల పుట్ట' అంటారు. అడగని సలహా ఇవ్వకపోతే ఆ మనిషికి తిన్నది అరగదు. ఇచ్చిన సలహా బెడిసికొడితే మాత్రం, "నేను చెప్పినట్టు మీరు చెయ్యలేదు బావా" అని చేతులు దులిపేసుకుంటాడు.

ఆ ఉదయం మెకానిక్ అనుకున్న పని చిన్నదే. విప్పి పెట్టిన వ్యాను ఇంజను బిగించి, మధ్యాహ్నానికి బండి అప్పగించాలి. స్పానరు చేతిలోకి తీసుకున్నాడో లేదో యూనివర్సిటీ హాస్టల్ నుంచి ఫోన్ వచ్చింది.

"మీవాడు చేరిన దగ్గర్నుంచీ తాగుతూనే ఉన్నాడట. వచ్చి మాట్లాడండి. లేకపోతే సాయంత్రానికి గది ఖాళీ చేయిస్తాం" అన్నాడు వార్డెన్.

గది పోతే చదువు పోయినట్టే. బయట అద్దెకు ఉంచే స్తోమత మెకానిక్‌కు లేదు. చిన్నప్పుడే బడికి దండం పెట్టి స్పానరు పట్టినవాడు, కొడుకు చేతికైనా గ్రీజు అంటకూడదని కూడబెట్టి చేర్పించాడు. పైగా ఆ ఇంట్లో తండ్రీ కొడుకులిద్దరూ ఏనాడూ చుక్క ముట్టినవాళ్లు కారు.

తోడు వస్తానని బయలుదేరిన సలహాల పుట్ట బస్సులో మెల్లగా నోరు విప్పాడు.

"వాడు చేరేముందు నేనే చెప్పా బావా. తాగనంటే సీనియర్లు వెంటపడతారు, చేతిలో సీసా ఉంటే ఎవడూ బలవంతపెట్టడు, యాపిల్ రసం పోసుకు తిరగరా, రంగు కూడా అదే అని."

"తిరిగాడా?"

"బుద్ధిమంతుడు కదా. తిరిగాడు."

హాస్టల్ మెట్ల దగ్గర కొడుకు బిక్కమొహంతో నిలబడి ఉన్నాడు.

"మొదటి పార్టీలో సీసా మొత్తం తాగేసి, పడిపోయినవాళ్లందర్నీ నేనే మోసుకెళ్లి పడుకోబెట్టాను నాన్నా. అప్పట్నుంచీ సీనియర్లు కూడా 'గురువుగారూ' అంటున్నారు. యాపిల్ రసమని చెప్తే, 'ఆహా, ఎంత ముద్దుపేరు పెట్టుకున్నారు!' అంటున్నారు."

మెకానిక్ ఛాతీ విరుచుకుని, కొడుకును వెంటబెట్టుకుని వార్డెన్ గదిలోకి నడిచాడు.

"ఆ సీసా తెప్పించండి సార్. మీ ముందే తాగి చూపిస్తా."

కొడుకు గదిలో ఉండే కుర్రాడు సీసా పట్టుకుని పరుగున వచ్చాడు. మెకానిక్ మూత తీసి ఒక్క గుక్క వేశాడు. గొంతులో బ్యాటరీ యాసిడ్ పోసినట్టయింది. గుమ్మం దగ్గర ఆ కుర్రాడు గర్వంగా కన్ను గీటాడు. ఖాళీ సీసాతో గురువుగారు నామోషీ పడతారని, తను దాచుకున్న సరుకంతా అందులో పోసి తెచ్చాడు మహానుభావుడు.

"ఏదీ, ఇలా ఇవ్వండి, నేనూ చూస్తాను" అని వార్డెన్ చెయ్యి చాచాడు.

ఇస్తే గది పోతుంది. మెకానిక్ కళ్లు మూసుకుని, సీసా ఎత్తి, అడుగు కనిపించేదాకా దించలేదు.

"రసమే... సార్."

వార్డెన్ ముక్కు ఎగబీల్చాడు. "మరి ఈ కంపు?"

"అది నాదే సార్. పొద్దున్నే వేసుకొచ్చా. అలవాటు."

కొడుకు నోరు తెరవబోయాడు. మెకానిక్ వాడి కాలు తొక్కాడు. వార్డెన్ కొడుకు భుజం తట్టాడు.

"ఇంట్లో ఇది చూస్తూ పెరిగి కూడా నువ్వు ముట్టలేదంటే గొప్పవాడివయ్యా! గది నీదే. ఈయన్ని మాత్రం మళ్లీ గేటు లోపలికి రానివ్వకు."

తిరుగు బస్సులో సలహాల పుట్ట బావను భుజాన వాల్చుకుని ఒకటే ఆశ్చర్యపోయాడు. "వచ్చేటప్పుడు పక్కనే కూర్చున్నా, నాకు వాసనే తగల్లేదు. ఎంత ఆరితేరావు బావా!"

ఇల్లు చేరగానే అక్కకు సలహా ఇచ్చాడు. "తాగేవాడి ఇంట్లో స్థలం ఉంచకూడదక్కా. నీచేత అమ్మించుకుని తాగుతాడు. నా పేర రాసెయ్యి, భద్రంగా ఉంటుంది."

షెడ్డు పక్క ఖాళీ జాగా ఆమె పేరనే ఉంది. మర్నాడు పొద్దున మెకానిక్ తల పట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"తెల్లారాక అందరూ ఇలాంటి కథలే చెప్తారు" అని ఆమె తమ్ముడితో కలిసి రిజిస్ట్రేషన్‌కు వెళ్లిపోయింది.

కొడుక్కి దక్కిన గది పదడుగులకు పన్నెండు, మెకానిక్‌కు పోయిన జాగా ఇరవై అడుగులకు ముప్పై.